గురువారం ఏడింటికి

మనసు మార్చుకుంటారేమోనని
చట్టం ఆరు నెలలు ఇచ్చింది మాకు.
మార్చుకోలేదు.
మార్చిలో, మంచు ఇంకా మోకాలి లోతున ఉండగానే
కాగితాలు వచ్చాయి.
ఏప్రిల్ ఆఖరుకి చెప్పు, అన్నాడు యర్కో.
నా సగం నువ్వు కొనుక్కుంటావా, మొత్తం అమ్మేద్దామా.
మర్యాదగానే అన్నాడు,
బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి.
పదహారేళ్లలో అతను అక్కడ బూట్లతో నిలబడ్డం
అదే మొదటిసారి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు.
ఔలు ఊరి శివార్లలో రెండూ చూశాం.
ఇల్లు పంచి చూడమని
ఎవరూ అనలేదెందుకో.

వంటింటి బల్ల మీద గళ్ల కాగితం.
ఒక పక్క: అప్పు, ఇంకా పంతొమ్మిదేళ్లు.
బాయిలర్‌కి ఇరవై రెండు. మనిషికైతే ఉద్యోగం వెతుక్కునే వయసు,
బాయిలర్‌కి పోయే వయసు.
పైకప్పు సంగతి పైకప్పుకే తెలియాలి.
పళ్ల డాక్టరు దగ్గర పనిముట్లు ఉడకబెట్టే నా జీతం.
ఇంకో పక్క: అద్దె. నీళ్లకి తలకింత.
అంతే.
ఆ పక్క అంత తెల్లగా ఉంటే భయమేసింది.

అద్దె కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరే అంటుంది అక్క.
మరి వడ్డీయో?
వడ్డీ వేరు, అంది.

తలుపు మీద పిల్లల ఎత్తులు గీసిన గీతలుంటాయి కదా, పాపం,
అంది బ్యాంకులో ఆమె.
లేవండీ. రెండేళ్లకోసారి యర్కో రంగు వేసేవాడు.
నేను వదల్లేనిది వేరే ఉంది.
సౌనా గదిలో పై బల్ల.
విల్యా పుట్టడానికి ముందురోజు రాత్రి అక్కడే కూర్చుని
కాలే రాళ్ల మీద గరిటెడు నీళ్లు పోసి
వాటి అరుపులో నా అరుపు కలిపేశాను.
ఇంటికి విలువ కట్టడానికి వచ్చినాయన
ఆ గదిని చదరపు మీటర్లలో రాసుకుపోయాడు.

శనివారం అద్దె ఇల్లు చూశాం.
నాలుగో అంతస్తు. ఎవరివీ కాని గోడలు.
ఆర్ని కిటికీ దగ్గరే ఉండిపోయి
కింద మంచు తోసే బండిని చూస్తున్నాడు.
"ఇక్కడ మంచు ఆయనే తీస్తాడా? మనం అడక్కుండానే?"
పద్నాలుగేళ్లవాడు.
నాకప్పుడు తెలిసింది,
చలికాలమంతా తెల్లారకముందే లేచి
నా నిద్ర చెడకుండా మెల్లిగా
మా వాకిలి తవ్వింది ఎవరో.
పక్కింటి ముసలాయన అనుకుని
రెండుసార్లు కేకు కూడా ఇచ్చాను.
ఆయన పుచ్చుకున్నాడు.

కింద, అందరికీ కలిపి ఒకే సౌనా.
తలుపు మీద వేళల పట్టీ, తాడుకి కట్టిన పెన్సిలు.
గురువారం ఏడు నుంచి ఎనిమిది దాకా ఖాళీ.
తర్వాత తువాళ్లు భుజాన వేసుకుని ఇంకెవరో వస్తారు.
గంటేనా, అంది విల్యా.
గంటే.
ఏజెంటు అటు తిరిగినప్పుడు
పెన్సిలు తీసుకున్నాను.
గడి మీద "ఇంటిపేరు" అని ఉంది.
యర్కోది రాయాలా, మా నాన్నది రాయాలా,
అసలు ఏ ఇంటి పేరు?
"హెయినీ" అని రాసి వచ్చేశాను.

ఏప్రిల్ ఇంకా అయిపోలేదు.
గళ్ల కాగితం బల్ల మీదే ఉంది, కాఫీ మరకతో.
నిన్న గురువారం.
మా సౌనాలో ఏడింటికి కూర్చున్నాం,
ఎనిమిదికి పొయ్యి ఆర్పేశాను.
గంట సరిపోతుందేమో చూద్దామని.