పారబోసే నీళ్ల లెక్క

పొద్దున ఐదింటికి మోటరు బటన్ నొక్కుత.
మర్రిగూడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు,
నీలం డ్రమ్ములు రెండు, తుప్పు పట్టిన గొలుసు తాళం.
గిదే నా నీళ్ల ప్లాంటు.
ఊర్ల నన్ను ప్లాంటు సుగుణ అంటరు.

ఒక పైపుల నుంచి తాగే నీళ్లు,
ఇంకో పైపుల నుంచి మిషిను వద్దన్న నీళ్లు.
ఒక క్యాను నిండేసరికి
రెండు క్యాన్లు మోరీల కలుస్తయి.
మూడేండ్లు ఆ చప్పుడు విన్న,
వాన చప్పుడు లెక్కనే అనిపించేది.

ఒకనాడు అండాలు వచ్చింది.
ఐదు రూపాయల బిళ్ల నా చేతుల పెట్టి,
వంకర తిరిగిన మోకాళ్ల మీద చేతులానించి
చానసేపు మోరీ దిక్కే చూసింది.
"నా పెండ్లైన కొత్తల
రెండు కోసులు నడిచి ఒక్క బిందె తెచ్చేదాన్ని.
నువ్వు గడియల పారబోస్తున్నవు గదనే
నా ఏడాది నడక."
తిట్టలే. తిడితే మంచిగుండు.

ఆ రాత్రి క్యాలెండరు చింపి వెనుక రాసిన:
దినానికి అమ్మేది నూట ఇరవై,
మోరీకి పోయేది రెండు వందల నలభై.
రెండుసార్లు కూడిన. తప్పు పోలే.

మొదలు గోంగూర మడికి పెడదామనుకున్న.
నీళ్లు పరీక్ష చేసే సారు చెయ్యి అడ్డం పెట్టిండు:
"మన బోర్ల ఉన్న ఫ్లోరైడంతా
ఇండ్లనే చిక్కబడతది తల్లీ,
తినే చెట్టుకు పెట్టకు, బర్రెకు తాపకు."
మంచి పనికి సుత
ముందుగాల అడిగి తెలుసుకోవాలె.
గోంగూరకు నా ఇంటి బియ్యం కడుగే గతి,
దానికి అదే ఇష్టం.

మరి ఈ నీళ్లనేం జెయ్యాలె?
పాత బోరు పైపు రెండు ముక్కలు దొరికినయి.
ఒక ముక్క సిమెంటు ఇటుకలు పోసే బిక్షపతి దిక్కు,
ఒకటి బడి దొడ్ల డ్రమ్ముల దిక్కు.
బిక్షపతి ఇటుకలు ఇప్పుడు నా నీళ్లు తాగి గట్టిపడతయి,
పైసలియ్యడు,
పండుగకు పావు కిలో మిఠాయి మాత్రం ఇస్తడు.
బడి దొడ్లు కడిగే మల్లవ్వ
ఇదివరకు ముక్కు మూసుకునే పోయేది,
ఇప్పుడు బకెట్ల మీద బకెట్లు గుమ్మరిస్తది.
ఆటో కడిగేటోళ్లు రోడ్డు మీద కాదు,
నా డ్రమ్ము కాడ బారులు తీరుతున్నరు.

క్యాన్ల మీది ప్లాస్టిక్ మూతలు సంచిల ఏరి పెడుత.
నెలకొకసారి చాంద్ పాషా సైకిలు మీదొచ్చి
తక్కెట్ల వేస్తడు, ముల్లు నా దిక్కు వాలకముందే
చెయ్యి తీస్తడు, దొంగ.
పగిలిన క్యాను నడుమకు కోస్తే పుదీన తొట్టి.
అడుగు కొట్టుకపోయిన క్యాను
కోడిపిల్లల మీద బోర్లిస్తే వాటికి ఇల్లు.

మొన్న తొమ్మిదో తరగతి స్వరూప వచ్చింది.
"అక్కా, పర్యావరణం మీద పది లైన్లు చెప్పు,
పోటీ ఉన్నది."
నేను మొదలుపెట్టిన:
క్యాను నింపేటప్పుడు పొంగనియ్యద్దు.
మూత పారెయ్యద్దు.
కారే నల్లా కింద సర్వ పెట్టాలె...
పెన్ను ఆపేసింది.
"గిట్ల రాస్తే మార్కులియ్యరక్కా,
భూమాత, పచ్చని తోరణం, అట్లాంటియి చెప్పు."
నాకు తోరణాలు రావు బిడ్డా అన్న.
నవ్వుకుంట క్యాను ఎత్తుకుంది,
మూత బిగియ్యలేదని మళ్లీ దించి, బిగించి,
ఒలికిన నీళ్ల మీద చెప్పులు కడుక్కొని పోయింది.

మోరీ ఎండి పగుళ్లిచ్చింది.
దోమలు తగ్గినయని పంచాయతోళ్లు వచ్చి చూసి పోయిన్రు.
అండాలు ఇంకా రోజూ వస్తది,
బిళ్ల ఇచ్చి, నడుము పట్టుకొని,
ఆ పగుళ్లల్ల తొంగి చూసి అడుగుతది:
"ఇంకెంత పోతుందే?"

క్యాలెండరు వెనుక అంకె దిద్దుత.
రెండు వందల నలభై కొట్టేసి, అరవై.
ఎండకాలమొస్తే ఎట్లనో తెలువది.
అరవై అంటే కూడా
ఆమె కాళ్లకు అరవై నడకలు.
ఈ మాట ఆమెకు చెప్పలే.
పెన్సిలు మొన చెక్కి
రేపటికి చెవిల పెట్టుకున్న.