పది కిలోల డబ్బా

ఆఫీసు గదిలో చోటు లేదన్నారు గోవర్ధనరావు గారు.
కాటా ఉంది, బీరువా ఉంది,
దేవుడి పటాలు తొమ్మిదున్నాయి.
"పప్పు డబ్బా పట్టేంత మూల మిగిలిందయ్యా,
అందులో ఇమిడితే పెట్టుకో నీ కంప్యూటరు."
మాటవరసకన్నారు.
నేను మాట పట్టుకున్నాను.

డబ్బా అంటే డబ్బాయే.
పలాస నుంచి లారీలెక్కి ఊళ్లు తిరిగే
చదరపు రేకు డబ్బా.
అంచు నొక్కుకుపోయిందని పక్కన పడేసినదొకటి
గోడౌన్లో అడిగి తెచ్చుకున్నాను.
జానెడు వెడల్పు, జానెడున్నర ఎత్తు.
ఇంతే నా స్థలం.

సామాను వైజాగ్ నుంచి బస్సు పార్శిల్లో వచ్చి
కాశీబుగ్గలో దిగింది.
అరచెయ్యికి కాస్త పెద్ద మదర్‌బోర్డు,
సగం ఇటుకంత పవర్ సప్లై,
పొట్టి కూలరు.
పొడుగు ఫ్యాను కొంటే మూత పడదు,
మూత పడే ఫ్యానుతో వేడి దిగదు.
ఈ లెక్క తేలక వారం రోజులు
జీతాల పట్టీలో రెండు తప్పులు రాశాను.

రాత్రుళ్లు రేకు కోశాను, వేళ్లూ కోసుకున్నాను.
ఏ వైరు ఎటు తిప్పినా ఇంకో వైరు మీదికే.
ఒక మర బిగించాలంటే
ముందు బిగించిన మూడూ విప్పాలి.
పెద్ద పెట్టెలో అయితే
నా తప్పు కూడా ఓ మూల సర్దుకుని కూర్చునేది.

మీట నొక్కాను. తెర వెలిగింది.
మూత పెట్టాను.
ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది.
మూత తీశాను, నడిచింది.
పెట్టాను, చచ్చింది.

ర్యాము పీకి, రబ్బరుతో తుడిచి, మళ్లీ గుచ్చాను.
పవర్ వైరు మార్చాను.
ప్రాసెసరు మీద పేస్టు గీకి కొత్తది పూశాను.
ఫోన్లో షాపువాడు "బోర్డు పోయింటాది" అన్నాడు,
ఏడువేల మూడొందల మాట, ఎంత తేలిగ్గా అన్నాడో.
మూత లేకుండా రెండు రోజులు నడిపాను.
బట్టీ పొగ మసి ఫ్యాను రెక్కల మీద
కాటుకలా పేరుకుంది.

మూడో రోజు టీ వేళ
సీలింగు సెక్షన్ ఎండమ్మ వచ్చింది,
అడ్వాన్సు కోసం.
డబ్బాని చూసింది, నన్ను చూసింది.
"ఇదేటి బావూ, పప్పు తీసేసి తీగలెట్టేసేవు?"

చెప్పాను.
వినలేదేమో అనుకున్నాను.
మూత నొక్కి, వేలి కణుపుతో
డబ్బా నాలుగు పక్కలా తట్టింది.
ఒక పక్క గంటలా మోగింది,
ఒక పక్క మోగలేదు.
"ఇక్కడ కడుపు నోపలికెల్లిపోనాది.
మూత బిగిస్తే గోడ వొంగతాది. దేన్నో తాకతాంది సూడు."

బోర్డు వెనక టంకం మొనలు,
మూడో నాలుగో,
రేకు మీద గీసిన సన్నటి గీతలు.
కాలిపోకపోవడం నా అదృష్టం.
"నీకెలా తెలిసింది?"
"గాలి లాగి గేసెట్టేటప్పుడు
రోజుకి నూట యాభై డబ్బాలు తడతాను.
తెలీదేటి మరి?"

చెక్క సుత్తితో లోపల్నుంచి రెండు దెబ్బలేసింది.
తెగిన హవాయి చెప్పు అడుగు కోసి
బోర్డుకీ గోడకీ నడుమ నాలుగు ముక్కలు దూర్చింది.
మూత పెట్టాం.
నడిచింది.

సాయంత్రానికి డబ్బా వెచ్చబడింది.
రేకు మడతల్లో ఎన్నాళ్లనాటి నూనె దాగుందో,
గదంతా వేయించిన జీడిపప్పు వాసన.
గోవర్ధనరావు గారు ముక్కెగరేశారు.
"గుండుపప్పు వేపుకు తింటున్నారెవరో."

గేటు దగ్గర ఆడవాళ్ల సంచులు
రోజూ ఒకసారి వెతుకుతారు.
ఆవేళ రెండోసారి కుమ్మరించారు.
టిఫిను గిన్నెలు, దువ్వెనలు, బస్సు చిల్లర.
వరసలో ఎండమ్మ
సంచి తిరగేసి దులుపుతూ
కిటికీలోంచి నా వైపు చూసింది.
ఏమీ అనలేదు.

డబ్బా చంకనెత్తుకుని, వైర్లు ఈడ్చుకుంటూ
వైరు సాగినంత మేర గుమ్మం దాకా వెళ్లి
అందరి ముందూ మూత తీశాను.

వాసన గుప్పుమని లేచింది.
లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది.