ఎడమ కాలి చప్పుడు

హవల్లిలో, నాలుగో అంతస్తులో, కిటికీల్లేని గది.
గోడలకంతా కోడిగుడ్ల అట్టల మాదిరి స్పాంజి.
జపాను బొమ్మల యుద్ధానికి
అరబ్బీ నోళ్లు తగిలించే చోటది.
నా పని నేల తుడిచేది.

ఇరవయ్యారు భాగాలు. ఆరుగురు ఇనుప సిపాయిలు,
ఒక్కొక్కడు తొమ్మిది మేడల ఎత్తు,
పొట్టలో ఒక పిల్లోడు కూర్చుని నడిపిస్తాడు.
బొమ్మలొచ్చినాయి, సంగీతమొచ్చింది,
చప్పుళ్ల టేపు మాత్రం దారిలో యాడనో పోయింది.
అడుగు పడితే సద్దు లేదు. ఫిరంగి పేలితే సద్దు లేదు.
అంత లావు యుద్ధం మూగదై కూర్చుంది.

రిఫాత్ మిస్రీ మనిషి, హెడ్‌ఫోను ఎప్పుడూ ఒక చెవికే.
తలుపు తీసి నన్ను చూసినాడు,
నన్ను కాదులే, నా బకెట్ బండిని.
"ఇంకోసారి తొయ్" అన్నాడు.

ఎడమ చక్రం కిర్రుమంటాది దానికి.
ఆ కిర్రును సాగదీసి, లోతుకు దించి,
మూడో నంబరు సిపాయి తుంటికి అతికించినాడు.
విని నా ఒళ్లు జల్లుమనింది.

ఇంకా చెప్తా.
క్షిపణి నా కుక్కరు విజిలు.
మేడలు కూలేది చేటలో నేను చెరిగిన కందిపప్పు.
శత్రువుల రేడియోలో గరగర
మంగంపేట నుంచి మా చిన్నమ్మ ఫోను చేసిన దినం
లైను తెగే ముందరి ముక్క.
కెప్టెను హెల్మెట్టు లోపలి ఊపిరి
వాచ్‌మన్ షఫీకుల్‌ది, లిఫ్టు చెడిపోయిన వారం.

పన్నెండో భాగంలో మూడో నంబరు సద్దు లేకుండా నడుస్తాడు.
చూసిన పిల్లోళ్లు పెద్దోళ్లై ఇప్పటికీ వాదించుకుంటారంట,
శత్రువును ఏమార్చేదానికి కమాండరు ఎత్తుగడని.
ఎత్తుగడా పాడా!
చక్రానికి నూనె పెట్టలేదని
సూపర్‌వైజరు అర దినారు కోసినాడు.
పెట్టినా.
తెల్లారి రిఫాత్ తల పట్టుకున్నాడు:
"చంపేసినావు కదా వాణ్ణి!"

ఇద్దరం బండిని కిందికి మోసుకుపోయి
కార్లు నిలిపే చోట ఇసకలో దొర్లించినాం
అది మళ్లా అరిచేదాకా.
రిఫాత్ నవ్వినాడు. నాకు నవ్వు రాలా,
అర దినారు గుర్తొచ్చింది.

ఆఖర్న పేర్లు పడతాయి కదా, కింద నుంచి పైకి.
అరబ్బీలో నా పేరు ఎట్లుంటాదో
టేపు డబ్బా మీద ఒకసారి రాసి చూపించినాడు రిఫాత్.
ఆ ఆకారం కోసం చూసినా.
ఓబులమ్మ లేదు.
షఫీకుల్ లేడు.
బకెట్ బండి ఎందుకుంటాది?

మొన్న ఫర్వానియా ఆసుపత్రిలో
రక్తం ఇచ్చేదానికి కూర్చోనుంటి.
ఎవరో మైల దుప్పట్ల బండి తోసుకుపోతాండారు,
కిర్రు… కిర్రు…
నా పక్కన కువైటీ, నలభైకి దగ్గర, దట్టంగా గడ్డం,
ఫోనులో నుంచి తలెత్తినాడు.

బండి వైపు కాదు.
పైకి,
తొమ్మిది మేడల ఎత్తుకు.