నూట పదమూడో పేజీ

జమ్మికుంట శాఖా గ్రంథాలయంల
మూడో బీరువా, కింది అర.
అట్ట ఊడితే నేనే మైదాపిండి ఉడికించి అతికిన.
ఆ నవల మా ఊరిదే అంటరు అందరు.
ఊరి పేరు మార్చిండు గాని
పత్తి మార్కెట్ల బండ్ల వరుస,
రైలు గేటు కాడ ఆగిన ఎండ,
జిన్నింగు మిల్లు దూది ముక్కుల్లకు పోయి
తుమ్ముకుంట నడిచే పొద్దు,
అన్నీ ఉన్నయి.
మార్కెట్ల పత్తి బోరాల మీద మొదటి వాన పడే కాడ
ఇప్పటికీ నా గొంతు పట్టుకుంటది.
అదే నా తిప్పలు.

నూట పదమూడో పేజీల
పెద్ద బడి సారు, వాకిట్ల నిలబడ్డ ఒకనికి
దోసిట్ల నీళ్లు పోస్తడు.
పైనుంచి. చెంబు తాకకుండ.
ఆ ధారను రచయిత
వెండి తీగ అన్నడు, వెన్నెల నూలు అన్నడు,
ఒక పేరా నిండా అన్నడు.
తాగినోన్ని మాత్రం
"వాడు తాగాడు. వాడి కళ్లు చెమర్చాయి."
అంతే. మళ్ల నవలల వాడు రాడు.

హన్మకొండల డిగ్రీ పరీక్షకు
"మాస్టారి ఉదారతను వివరింపుము" అని వచ్చింది.
నాలుగు పేజీలు రాసిన.
పదికి ఎనిమిది.
ఆ ఎనిమిదిని తలుచుకొని బస్సుల
ఎల్కతుర్తి దాక నవ్వుకుంట వచ్చిన.

ఆ రాత్రి మా బాపమ్మకు చదివి వినిపించిన.
బీడీలు చుట్టుకుంట విన్నది.
తునికాకు కత్తిరించే చెయ్యి ఆగింది.
"గాయన మీ తాతనే బిడ్డా.
మిల్లుల బేళ్లు మోసి మోసి
వీపు మీద తాడు అచ్చు పడ్డోడు.
పేరు రాసిండా?"
లేదు బాపమ్మా.
"సారుకు కుక్క ఉండె. అదున్నదా?"
ఉన్నది.
"దాని పేరు?"
పేజీలు తిప్పి వెతికినట్టు చేసిన.
నాకు తెలుసు. డైమండు.
మూడు తావుల రాసిండు.

ఆమె కట్టకు దారం చుట్టి
పండ్లతోటి తెంపింది.
"సారు మంచోడే. అబద్ధమెందుకు.
దోసిట్ల తాగితే సగం నీళ్లు
మోచేతుల కెళ్లి కారిపోతుండెనట.
మీ తాత ఇంటికొచ్చి మళ్ల తాగేటోడు."

నవలల ఎవరూ మమ్ముల తిట్టరు.
తిట్టినోన్ని రచయితే చెడ్డోన్ని చేసిండు.
అందుకే పట్టుకునేతందుకు
నాకు ఇన్నేండ్లు పట్టింది.

ఇప్పుడు ఆ గ్రంథాలయంలనే నౌకరి.
గోడ మీద బోర్డు నా చేతిరాతే:
పుస్తకములలో గీతలు గీయరాదు.
ఒకనాడు పగటీలి, కరెంటు లేదు, ఎవ్వరు లేరు,
పెన్సిలు తీసి "వాడు" పక్కన అంచుల రాసిన.
బొంకూరి ఓదెలు.
చిన్నగనే రాసిన.
దొంగతనం చేసినట్టు చెమట పట్టింది.

ఆర్నెల్లకు ఎవరో రబ్బరుతోటి రుద్దిండ్రు.
ఎంత కోపముండెనో,
బియ్యపు గింజంత తూటు పడ్డది.
అండ్ల నుంచి నూట పదిహేనో పేజీలది
ఒక కొమ్ము మాత్రం కనబడుతది.
ఏ అక్షరానిదో తెలువది.

మొన్న శ్రావణంల
పుస్తకం వీణవంక పోయి తిరిగొచ్చింది.
తారీఖు ముద్ర వేద్దామని తెరిస్తే
ఎనభై ఏడో పేజీల, "పాచిపని మనిషి" అన్న కాడ
నీలి పెన్నుతోటి, వంకరటింకరగ:
మా అమ్మమ్మ. పేరు కొమురమ్మ.
వడ్డి లెక్కలు నోటితోటి చేసేది.

నిబంధన ప్రకారం పది రూపాయల జుర్మానా.
రసీదు బుక్కు తీసిన. కార్బను పెట్టిన.
పాఠకుని పేరు అన్న గడి కాడ
చాలాసేపు కూసున్న.
బుక్కు మూసి
పెన్సిలు చెక్కుకున్న.
తూటు పక్కన ఇంకా జాగ ఉన్నది.