నలభై ఒక్క సెకన్లు

షెటికాంప్‌లో మూడు రోజులు కారులోనే ఉన్నాను.
చేపల గోదాము వెనక, అద్దం రెండంగుళాలు దించి,
కెమెరాకి నా మఫ్లరు చుట్టి.
కొండ మీంచి దూకే గాలిని ఇక్కడ సుయెత్ అంటారు,
ఇంటి కప్పులు లేపుతుందట.
కారుని ఉయ్యాలలా ఊపింది.
తీసిన బొమ్మంతా వణుకే.

ఫైలు మీద పేరు క్లోవిస్ బూద్రో. యాభై మూడేళ్లు.
పీతల పడవలో పని.
కిందటి మే నెలలో తాడు తెగి
ఇనుప బోను నడుం మీద పడింది.
ఫారంలో పదకొండో గడి: నడుం వంచగలరా?
పన్నెండో గడి: పది కిలోలకు మించి ఎత్తగలరా?
రెండింటికీ కాదని రాశాడు,
కాగితం చిరిగేలా నొక్కి.

కాదన్నవాడు అవుననేదాకా
కాపు కాయడం నా ఉద్యోగం.
గంటకి నలభై రెండు డాలర్లు, పెట్రోలు వేరే.
తప్పని ఎప్పుడూ అనుకోలేదు.
పొద్దున మెడకి పట్టీ వేసుకొచ్చి
సాయంత్రం హాకీ ఆడినవాణ్ణి పట్టింది నేనే.
అబద్ధాలు చూసీ చూసీ
నా కన్ను కూడా ఒక ఫారమైంది.

మొదటి రోజు అతను గడప దాటలేదు.
రెండో రోజు మెట్ల మీద సిగరెట్ కాల్చాడు, నిలబడే.
అది రాసుకోలేదు.
కూర్చోలేకపోవడానికి గడి లేదు.

మూడో రోజు, తొమ్మిదీ పది.
తలుపుని భుజంతో తోసుకుని వచ్చాడు,
చేతుల్లో కుక్క.
నల్లది, ముసలిది. వెనక్కాళ్లు
తడిసిన తాళ్లలా వేలాడుతున్నాయి.
ట్రక్కులో దుప్పటి ముందే పరిచి ఉంది.
వంగి పడుకోబెట్టాడు.
కుక్క అతని చెవి నాకింది.
నలభై ఒక్క సెకన్లు.

పశువుల డాక్టరు బల్ల మీది బిల్లు
తలకిందులుగా చదవడం నాకు చేతనైన విద్య.
బరువు, ముప్పై ఎనిమిది కిలోలు.
కింద ఇంకో వరస: ఇంజెక్షను, దహనం.
ఆ వరసతో నాకు పని లేదు.

పోర్ట్ హాక్స్‌బరీలో, హోటల్ మేడ మీది గదిలో విచారణ.
తెర మీద అతను నాలుగుసార్లు ఎత్తాడు.
కంపెనీ వకీలు ఆపమన్నచోటల్లా ఆగి,
మళ్లీ వంగి, మళ్లీ ఎత్తాడు.
చూస్తున్న అతను మాత్రం
కుర్చీ వెనక నిలబడే ఉన్నాడు.
"ఇంతేనా?" అంది అధ్యక్షురాలు.
"సమర్పించింది ఇంతే" అన్నాను.
మా వృత్తిలో అబద్ధాలు చెప్పం.
ఎక్కడ ఆపాలో తెలుసు.

కెమెరా ఆ రోజు ఆగలేదు.
నలభై రెండో సెకను నా దగ్గరుంది.
ట్రక్కు తలుపు పట్టుకుని జారడం,
కంకర మీద పక్కకి ఒరగడం,
మోకాళ్లు కడుపులోకి లాక్కుని
పద్దెనిమిది నిమిషాలు.
గాలి అతని టోపీని రోడ్డు దాటించింది.
లోపల్నించి కుక్క ఒకటే మొరుగుడు.
ఒకసారి నా చెయ్యి కారు తలుపు పిడి మీదికి వెళ్లింది.
పక్క అద్దంలో ఆ చెయ్యీ పడింది,
వెళ్లడమూ, వెనక్కి రావడమూ.

కాఫీ యంత్రం దగ్గర వచ్చి నా పక్కన నిలబడ్డాడు.
కొడతాడనుకున్నాను.
"ఫిలూ మొహం బాగా పడింది" అన్నాడు.
"మా దగ్గరున్నవన్నీ వాడి చిన్నప్పటి ఫొటోలే.
మా ఆవిడ చూసుకుంటుంది,
ఒక కాపీ ఇస్తావా?"
చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించుకుని
"ఎంతవరకు?" అన్నాను.
అతనికి ప్రశ్న అర్థం కాలేదు.
"ఎంతుంటే అంత.
వాడున్నంతవరకు."

అప్పీలుకి ముప్పై రోజుల గడువు.
ఇవాళ పంతొమ్మిదోది.
కత్తిరించకుండా ఎక్కించాను,
కవరు మీద చిరునామా రాశాను.
తపాలా బిళ్లలు ఎన్నో తేల్చుకుందామని
వంటింటి త్రాసు మీద పెట్టాను.
పదహారు గ్రాములు.
ఇంకా ఎత్తలేదు.