అచ్చుతప్పు

గడియారం సెంటరుల మెడికల్ షాపు మీదికి మెట్లెక్కితే
రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, నేను.
పెండ్లి పత్రికలు, కరపత్రాలు, కుల సంఘాల క్యాలెండర్లు.
నడుమ నడుమ ఎవరో ఒకరు
సంకల నవల పెట్టుకొని వస్తరు.

ఈ యేడు మూడొచ్చినయి.
మూడూ నా వేళ్ల కిందికెళ్లే పోయినయి.

ఇయ్యాల గ్రంథాలయం హాల్ల
ముగ్గుర్నీ వరుసగ కూసోబెట్టిన్రు.
నేను ఆఖరి వరుసల, ఫ్యాను తిరగని దిక్కు.
కండ్లద్దాల సారు మైకందుకొని అడిగిండు:
"ఈ నవలకు ప్రేరణ ఎక్కడిది?"

రాపోలు జాంగీరు సారు గొంతు సవరించుకున్నడు.
కరువన్నడు, చరిత్రన్నడు,
డిండి ఎండిన యేడు గురించి పావుగంట చెప్పిండు.
చప్పట్లు.
నాకు మాత్రం కరెంటు బిల్లుల వెనక రాసిన
ఆయన మొదటి కట్ట యాదికొచ్చింది.
అండ్ల డిండి లేదు.
మగ్గం గుంటల దాక్కున్న పిల్లగాడొకడు,
వాని కండ్ల ముందట, తొక్కుడు చెక్కల మీద
నాయిన కాళ్లు ఉన్నట్టుండి ఆగిపోవుడు.
మూడోసారి తెచ్చిన కట్టల ఆ పేజీ లేదు.
అడిగితే, "కథకు అడ్డమొస్తున్నది షమీమమ్మా" అన్నడు.

మక్తల్ దిక్కు నుంచి వచ్చిన కుర్వ తిమ్మప్ప
కాయితం మీద ఒక్క అక్షరం పెట్టలె.
పుణెల సెంట్రింగు పని చేసుకుంట
రాత్రిళ్లు ఫోన్ల చెప్పి పంపిండు,
రెండు వందల పదహారు ముక్కలు.
వెనక మిల్లరు తిరుగుతుంటది,
ఎవరో దగ్గుతరు, ఎవరో "లైటార్పురా" అంటరు.
మాటలన్ని కొట్టిన.
దగ్గు ఎట్ల కొట్టాలె?
"ప్రేరణంటే నాకెర్క లేదు సార్, నిద్ర వట్టకపోయేది"
అని చెప్పి కూసున్నడు.
జనం నవ్విన్రు. ఆయన నవ్వలె.

ఇగ ఎల్లంకి సుగుణమ్మ.
మునుగోడు దిక్కు అంగన్‌వాడీ టీచరు, రిటైరై మూడేండ్లు.
పాత హాజరు రిజిస్టర్లల్ల రాసింది నవలంత.
గుడ్ల లెక్క, పప్పు లెక్క,
వాటి నడుమ మనుషులు మాట్లాడుకుంటుంటరు.
"వంతుల కోసం బిందెలు వరుస పెట్టిన రోజులల్ల
పుట్టిందీ కథ" అన్నది నిమ్మళంగ.
అయ్యుండొచ్చు.

కని, తొమ్మిదో అధ్యాయం కొట్టుడయిన రాత్రి
పదిన్నరకు ఫోను చేసింది.
"బిడ్డా, ఆ పిల్లను బతికిస్తే
ఎన్ని పేజీలు పెరుగుతయి?"
లెక్క చూసి చెప్పిన. పదకొండు.
ఇంకో ఫారం పడుతది, కాయితం ధర పెరిగింది
అని గూడ చెప్పిన, తెలివితక్కువదాన్ని.
అవుతల చానసేపు టీవీ చప్పుడొక్కటే.
"అట్లనే ఉండనియ్యి తియ్యి" అన్నది.

కండ్లద్దాల సారు పుస్తకం తిప్పుతున్నడు.
"చిన్న పొరపాటమ్మా, నూట నలభై మూడో పేజీ.
పిల్ల పోయినంక ఇంట్ల మిగిలింది ముగ్గురే కద,
తల్లి నాలుగు కంచాలు పెడుతున్నది."

ప్రూఫు చదివిననాడే చూసిన నేను.
ఎర్ర పెన్ను ఆ అంకె మీద పెట్టి
తీసిన.
రిజిస్టర్ల గూడ నాలుగే ఉండె.
మూడు అని దిద్ది, దాన్ని కొట్టేసి, మళ్ల నాలుగు.

సుగుణమ్మ కండ్లు వరుసలన్ని దాటుకుంట
నా దాక వచ్చినయి.
"అచ్చుతప్పు సార్" అన్నది మైకుల.
తలకాయలన్ని వెనక్కి తిరిగినయి.
నేను తలొంచుకున్న, ఒప్పుకున్నట్టే.

"రెండో ముద్రణకు దిద్దిస్తరు కద?"
"చూద్దాం" అన్నది.

చాయ్‌లయినంక మెట్ల కాడ తిమ్మప్ప
బస్సు టైము చూసుకుంట, గోడ దిక్కు తిరిగి
ఫోను నోటికాడ పెట్టుకొని మెల్లగ ఏదో చెప్తున్నడు.
నా సంచిల ఫోను కుయ్యిమన్నది.
రెండు వందల పదిహేడు.