పదిహేడో తూము

నా పేరు చెంగల్రాయుడు.
తిరుపతి ఆస్పత్రి కాగితాల్లో మాత్రం పదిహేడు.
పేరు రాయకూడదంట.

నలభై ఏండ్లు వడమాలపేట కాడ నీరుగంటిని.
ఎవురి మడికి ఎన్ని గడియలు,
ఏ కాలవ కట్టాల, ఏది తెంచాల,
రేత్తిరిపూట పాదాలకే తెలిసేది.
కండ్లతో పనేముండాదిలే అనుకున్నా.
అవీ నాతో చెప్పలేదు.
గట్టును వారనుంచి కోసుకొచ్చినట్టు
చూపు అంచుల్లో జారిపోయింది.

"నీటికాసులు," అన్నింది మొబీనా డాక్టరమ్మ.
కాసులెరగని కొంపకు
ఈ తీరుగా వచ్చినాయి.

"కంట్లో నీళ్లు ఊరతానే ఉంటాయి పెద్దాయనా,
పొయ్యే దోవ పూడింది. ఒత్తిడి ముప్పై రెండు,"
అని బొమ్మ గీయబోయింది.
తూము పూడితే ఏమవుతాదో
నాకా తల్లీ చెప్తావు?

కొత్త గొట్టం, వెంట్రుకంత.
పాత రకమూ ఉండాది.
ఎవురికి ఏదో కంప్యూటరు చీటీ తీస్తాదంట,
ఆయమ్మ చేతిలో కూడా లేదంట.
నీళ్ల వంతుకు మేమూ చీట్లే ఏసేది.
చీటీ పడినోడు ఏ పొద్దూ నాతో కొట్లాడలా.

"ముందెవురికి పెట్టినారు?"
"కుందేళ్లకు."
"అవేమన్నాయి?"
ఆయమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది,
మళ్లీ పెట్టింది.

తొమ్మిది పేజీల కాగితం.
పక్క మంచం రేణిగుంట ఆటో అబ్బోడు చదివి పెట్టినాడు.
పోయిన చూపు రాదని నాలుగో పేజీలో,
ఉన్నది నిలవొచ్చని ఐదులో,
ఎప్పుడన్నా మానుకోవచ్చని రెండు చోట్ల.
ఏలిముద్ర గడి దాటి పడింది.
నాకు కనపడింది సగం గడే.

మూడు నెల్లకు పద్నాలుగు.
ఆ అంకెను నర్సు
బిడ్డ పుట్టినట్టు చెప్పింది.
నాకు పడింది ఏ గొట్టమో
ఇంకా రెండేండ్లు చెప్పరు.

పన్నెండో నెంబరు గాజులామెకు
తీసేసినారని వరండాలో విన్నా.
అడిగితే దాచలేదు.
"అదీ రాసుకున్నాం తాతా,
చెడింది రాయకపోతే ఇది పరీక్ష కాదు."
ఆ మాట పట్టుకోని చానాసేపు కూర్చున్నా.
ఒక వానాకాలం గండి పడితే
తెల్లారేదాకా ఊరికి చెప్పకుండా
నేనే మట్టి ఎత్తిపోసినా.
రెండెకరాలు మునిగింది.
ఇప్పటికీ ఎవురికీ తెలీదు.

గేటు బయట,
ఎడమ పక్కనుంచి వచ్చే బస్సు
నాకిప్పటికీ హారనే.
కుడి పక్కనుంచి వచ్చింది మాత్రం
పుత్తూరు బస్సు.
నాకొచ్చిన అక్షరాలు బోర్డుల మీదివే,
కొమ్ములూ, తావత్తూ,
నిన్నెట్లున్నాయో అట్లే.
చెయ్యెత్తినా.